ఎక్కడికీ వెళ్ళని సైకిల్

మొన్న కార్తీక పౌర్ణమికి బాపట్ల వెళ్ళాం. తెల్లవారుజామునే సూర్యలంకలో సముద్ర స్నానం చేసి, దీపాలు పెట్టుకుని, తడి జుట్టుతోనే మా ఆడపడుచు వాళ్ళింటికి చేరాం. ఉపవాసం కదా, కాఫీతో సరిపెట్టుకుని వరండాలో కూర్చున్నాం. అప్పుడు చూసింది తను, మా అమ్మాయి గడ్డం కింద ఎర్రగా ఉన్న గీతని.

"ఇదేంటే, కుట్లు పడ్డాయా?"

"మూడు కుట్లు అత్తా. సైకిల్ మీద నుంచి పడ్డా."

"స్కూలుకెళ్తూనా?"

"కాదు. ఎండో చేస్తూ."

ఎండో అంటే ఏంటో మా పిల్ల చేతులు తిప్పుకుంటూ చెప్పింది. మా ఆడపడుచు అంతా ఓపిగ్గా వింది. విని నా వైపు తిరిగి, "ఇంతకీ దీనివల్ల ఉపయోగం ఏంటి వదినా?" అంది.

వెటకారంగా అనలేదు. మామూలుగానే అడిగింది. కానీ నా దగ్గర సమాధానం లేదు. తిరిగి తెనాలి వచ్చేటప్పుడు రైల్లో కిటికీ పక్కన కూర్చుని అదే ఆలోచించాను. నిడుబ్రోలు దాటాక కొంత తోచింది. ఇంటికొచ్చి మర్నాడు పప్పు రుబ్బుతుంటే మిగతాది తోచింది. అదే ఇవాళ రాస్తున్నాను.

ముందు ఇదేంటో తెలియని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. బీఎంఎక్స్ అంటే ఇరవై అంగుళాల చక్రాలతో, పొట్టిగా, గట్టిగా ఉండే సైకిల్. మన సైకిల్ షాపుల్లో మగపిల్లల కోసం వేలాడదీసి ఉంటాయి, చూసే ఉంటారు. దీంతో గుట్టల మీద పందేలు పెట్టుకుంటారు, ఏటవాలు చెక్కల మీద నుంచి గాల్లోకి ఎగురుతారు. కానీ అవేవీ లేకుండా, ఒట్టి చదును నేల మీద, ఉన్నచోటే చేసే విన్యాసాలు కొన్ని ఉన్నాయి. దాన్ని ఫ్లాట్‌ల్యాండ్ అంటారు. చక్రాల ఇరుసులకి రెండు పక్కలా చిన్న గొట్టాలు బిగిస్తారు, వాటిని పెగ్స్ అంటారు. వాటి మీద నిలబడి, సైకిల్‌ని ఒక చక్రం మీద తిప్పుతూ, బొంగరంలాగా చుట్టూ తిరుగుతారు. చూస్తే కూచిపూడి అమ్మాయి పళ్ళెం అంచు మీద నిలబడి ఆడినట్టుంటుంది.

1970ల చివర్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో బాబ్ హారో అనే కుర్రాడు, అతని ఈడు పిల్లలు సరదాగా మొదలుపెట్టిన ఆట ఇది. 1982లో వచ్చిన 'ఈ.టీ.' సినిమాలో సైకిళ్ళ మీద పిల్లలు పారిపోయే సీన్లు గుర్తున్నాయా? వాటిలో సైకిల్ ఫీట్లు చేసినవాళ్ళలో అతనూ ఉన్నాడు. 2019లో చైనాలోని చెంగ్డూలో జరిగిన ప్రపంచ పోటీల్లో ఫ్లాట్‌ల్యాండ్‌కి మగవాళ్ళకీ, ఆడవాళ్ళకీ విడివిడిగా పతకాలు పెట్టారు. ఒలింపిక్స్‌లో మాత్రం ఇంకా చోటు దొరకలేదు. అంటే స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తుందని చెప్పి మా ఆడపడుచుని ఒప్పించే దారి నాకు లేదన్నమాట.

ఇక మా ఇంటి సంగతి. ఆ సైకిల్ మా అమ్మాయికి కొన్నది కాదు, ఆరో తరగతి చదివే మావాడికి కొన్నది. వాడు యూట్యూబ్ చూసి రెండు వారాలు ఎగిరి, చదువు లాగే దాన్నీ వదిలేశాడు. తొమ్మిదో తరగతి చదివే వాళ్ళక్క దాన్ని తీసుకుని మా వీధి చివర మూతబడిన రైసుమిల్లుకి వెళ్ళడం మొదలుపెట్టింది. ఆ మిల్లు వెనక ధాన్యం ఆరబోసే పెద్ద సిమెంటు కళ్లం ఉంది. ఎత్తుపల్లాల్లేవు, బండ్లు రావు, గింజ జారిపడినా కనపడేంత నున్నగా ఉంటుంది. మిల్లు వాళ్ళావిడ మాకు తెలిసినావిడే, "ఆడుకోనివ్వు, ఖాళీగానే ఉందిగా" అంది.

వదిలేసే ముందు మావాడూ అక్కడే పడ్డాడు. మోచెయ్యి డోక్కుపోయి రక్తం కారుతుంటే మా అత్తయ్యగారు పసుపు అద్ది, "మగపిల్లాడు, పడకుండా ఎలా నేర్చుకుంటాడు" అన్నారు. నెల తిరక్కుండా అదే కళ్లం మీద మా అమ్మాయి పడింది. ముందు బ్రేకు ఒక్కసారిగా నొక్కేసరికి వెనక చక్రం బాగా పైకి లేచి, గడ్డం హ్యాండిల్‌కి కొట్టుకుంది. ఈసారి అత్తయ్యగారి నోట మొదటి మాట, "అయ్యో, మొహం మీదే! మాఘమాసంలో ఓణీల ఫంక్షన్ పెట్టుకుని!"

రెండో మాట నేనన్నాను. "ఇక ఆ సైకిల్ ముట్టుకున్నావంటే చూడు."

ఆ మాట నా నోట్లోంచి వస్తుంటే నాకే ఎక్కడో విన్నట్టనిపించింది. విన్నాను మరి. రేపల్లెలో, మా పెరట్లో, మా అమ్మ నోటి నుంచి.

నేను పెద్ద సైకిల్‌కి కమ్మీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నదాన్ని. రోజూ అద్దె సైకిల్ కోసం పోరుతుంటే చూడలేక నాన్న ఒక పాత లేడీస్ సైకిల్ కొనిపెట్టారు. చేతులు వదిలేసి తొక్కడం, కాలువ గట్టు మీద డబుల్స్ వెళ్ళడం, అన్నీ వచ్చు నాకు. ఆ రోజుల్లో మా సెంటరుకి ఏడాదికోసారి సైకిల్ ఫీట్ల మనిషి వచ్చేవాడు. మీలో చాలామంది చూసే ఉంటారు. గుంజలు పాతి, రంగు కాగితాలు కట్టి, మైకులో పాటలు పెట్టి, వారం రోజులపాటు సైకిల్ దిగకుండా గుండ్రంగా తిరుగుతూనే ఉంటాడు. సైకిల్ మీదే స్నానం, సైకిల్ మీదే భోజనం. కింద పడేసిన రూపాయి నోటుని తొక్కుతూనే వంగి తీసేవాడు. ముందు చక్రం లేపి నిలబెట్టేవాడు. ఇప్పుడు మా అమ్మాయి ఫోన్లో ఫ్లాట్‌ల్యాండ్ వీడియోలు చూపిస్తే, "ఇది మా రేపల్లె సెంటర్లో ఎప్పుడో చూశానే" అన్నాను. ఆయన భార్య చంకలో బిడ్డతో పళ్ళెం పట్టుకుని జనం మధ్య తిరిగేది. ఆవిడ సైకిలెక్కగా నేను ఒక్కసారీ చూడలేదు.

ఆయన్ని చూసి నేనూ బడి ఆవరణలో ముందు చక్రం లేపబోయి పడేదాన్ని. ఏడో తరగతి సెలవుల్లో పెద్దమనిషినయ్యాను. చాపా, పిట్టూ, పేరంటమూ అన్నీ అయ్యాక పెరట్లోకి వెళ్ళి చూస్తే సైకిల్‌కి సీటు కిందికి దించేసి ఉంది. తమ్ముడికి అందేలాగా. "ఇక నువ్వు దాన్ని ముట్టుకోకు, ఏదైనా అయితే ఎవరు చేసుకుంటారు" అంది అమ్మ. అమ్మ చెడ్డది కాదు. వాళ్ళమ్మ తనతో ఏమందో తను నాతో అదే అంది. నేను ఏడవలేదు కూడా. ఏడవాల్సిన విషయమని అప్పుడు తెలియదు.

ఈ ముప్ఫయ్యేళ్ళలో ఆడపిల్లలూ సైకిళ్ళ విషయంలో లోకం మారలేదని అనను. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం వాళ్ళు చదువుతో పాటు ఆడవాళ్ళకి సైకిల్ కూడా నేర్పారు. కూలి పనులకెళ్ళేవాళ్ళు, క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు, అంగన్‌వాడీ వాళ్ళు వేలకి వేలమంది నేర్చుకున్నారు. మన రాష్ట్రంలోనూ 'బడికొస్తా' పథకం కింద హైస్కూలు ఆడపిల్లలకి ప్రభుత్వమే సైకిళ్ళిచ్చింది. ఆడపిల్ల సైకిల్ తొక్కితే ఇవాళ రేపల్లెలో ఎవరూ తల తిప్పి చూడరు.

కానీ ఒకటి గమనించండి. ఆ సైకిళ్ళన్నీ ఎక్కడికో వెళ్ళే సైకిళ్ళు. నీళ్ళకి, పనికి, బడికి, ట్యూషన్‌కి. పని మీద వెళ్ళే ఆడదాన్ని మనం ఒప్పుకున్నాం. మా అమ్మాయి సైకిల్ మాత్రం ఎక్కడికీ వెళ్ళదు. గంటసేపు తిరిగి తిరిగి ఉన్నచోటే ఉంటుంది. దాన్ని చూస్తే మనకి లోపల ఏదో గుచ్చుకుంటుంది. "ఉపయోగం ఏంటి వదినా" అన్న ప్రశ్న పుట్టేది అక్కడే. ఆ ప్రశ్న మావాడు రెండు వారాలు ఎగిరినప్పుడు ఒక్కరూ అడగలేదు. మగపిల్లలు వీధిలో క్రికెట్ ఆడితే అది ఆట. ఆడపిల్ల ఆడితే దానికి ఒక లాభం చూపించాలి: ఒళ్ళు తగ్గుతుందనో, సర్టిఫికెట్ వస్తుందనో, ఆత్మరక్షణ అనో.

మన సంగతే చూడండి. నేను రోజూ పొద్దున్నే నడుస్తాను. సరదాకి కాదు, షుగర్ వస్తుందని డాక్టరు బెదిరిస్తే. కుట్లు నేర్చుకుంటే జాకెట్లకి డబ్బులు మిగులుతాయని. గుడికెళ్తే పిల్లల పరీక్షల కోసం. ఏ పనీ లేకుండా, ఎవరి కోసమూ కాకుండా మీరు చివరిసారి ఒళ్ళు కదిపింది ఎప్పుడు? నాకైతే ఆ పాత లేడీస్ సైకిల్ తర్వాత గుర్తు రావడం లేదు.

అందుకే, కుట్లు విప్పాక కూడా పిల్ల ముభావంగా ఉంటే, అసలు అందులో ఏముందో, ఎంత ప్రమాదమో నేనే చూద్దామని ఒకరోజు పొద్దున్నే పాలవాడు రాకముందే సైకిల్ నడిపించుకుంటూ మిల్లుకి వెళ్ళాను. మా అమ్మాయి నిద్రకళ్ళతో వెనకాలే వచ్చింది. గురువు తనే.

మొదటి పాఠం, కదలకుండా నిలబడటం. రెండు పెడళ్ళూ సమానంగా ఉంచి, సీటు మీద నుంచి లేచి, ముందు చక్రం కాస్త పక్కకి తిప్పి, ఇంత ముందుకీ ఇంత వెనక్కీ ఒరుగుతూ కాలు కింద పెట్టకుండా ఉండాలి. ట్రాక్ స్టాండ్ అంటారట. నేను ఒక్క క్షణం నిలబడ్డాను. "చక్రాన్ని చూడకమ్మా, దూరంగా గోడకేసి చూడు" అంది. చూస్తే మూడు క్షణాలు నిలబడ్డాను. నలభై మూడేళ్ళ వయసులో చుడీదార్ పైకి దోపుకుని, పాడుబడ్డ మిల్లు గోడకేసి చూస్తూ మూడు క్షణాలు. ఆ మూడు క్షణాల్లో ఫీజులు లేవు, గ్యాస్ బండ లేదు, నానబెట్టిన పప్పు లేదు. వాటిలో ఒక్కటి గుర్తొచ్చినా కాలు కింద పడుతుంది.

రెండో పాఠం ఎండో. వెనక చక్రం లేపడం. మా అమ్మాయి చేసిన తప్పు ఏంటంటే, వేగంగా వచ్చి బ్రేకు గట్టిగా పట్టింది. మొదట బ్రేకుతో నేర్చుకోకూడదట. నడక వేగంతో వచ్చి ముందు చక్రాన్ని ఒక చిన్న గట్టుకి ఆనించాలి. ఆ ఊపుకి వెనక చక్రం జానెడు లేస్తుంది, మళ్ళీ దిగుతుంది. అది ఒంటికి అలవాటయ్యాకే బ్రేకు. కళ్లం అంచున నాలుగంగుళాల సిమెంటు గట్టు మాకు సరిగ్గా సరిపోయింది. మొదటిసారి వెనక చక్రం లేచినప్పుడు నేను అరిచిన అరుపుకి మిల్లు మీద పావురాలన్నీ ఎగిరిపోయాయి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, పడటం. అదీ ఒక పాఠమేనండీ! సైకిల్ చెయ్యి దాటిపోతోందనిపిస్తే దాన్ని పట్టుకు వేలాడకూడదు. వదిలేసి, వెనక్కి గానీ పక్కకి గానీ దిగిపోవాలి. పడుతున్నప్పుడు చెయ్యి బిగదీసి నేలకి ఆనిస్తే మణికట్టు విరుగుతుంది. మోచెయ్యి కాస్త వంచి, ఒళ్ళు గుండ్రంగా చేసుకుని దొర్లాలి. మా అమ్మాయి దాన్ని ఇరవైసార్లు సాధన చేసింది, పాత పరుపు వేసుకుని. నేను నాలుగుసార్లు చేసి నడుం పట్టుకున్నాను.

అప్పుడు అనిపించింది. ఆడపిల్లకి పుట్టినప్పటి నుంచీ మనం నేర్పేదంతా పడకుండా ఉండటమే. మెల్లగా నడువు, ఎగరకు, గోడెక్కకు. పడితే ఏం చెయ్యాలో మాత్రం నేర్పం. పడదులే అనుకుంటాం. పరీక్షలో పడుతుంది, ఉద్యోగంలో పడుతుంది, సంసారంలో పడుతుంది. పడ్డప్పుడు చెయ్యి బిగదీసుకుని విరగ్గొట్టుకుంటుంది, లేదా వదిలెయ్యాల్సినదాన్ని పట్టుకుని వేలాడుతుంది. సైకిల్ నేర్చుకుంటే సంసారం చక్కబడుతుందని నేను చెప్పడం లేదు. పడ్డాక మళ్ళీ లేచి అదే సైకిలెక్కడం ఒంటికి ఒకసారి తెలిస్తే, ఆ తెలివి ఊరికే పోదని మాత్రం నా నమ్మకం.

మీరు అడగబోయేవి నాకు తెలుసు. ప్రమాదం కాదా? కొంత ప్రమాదమే. మూడు కుట్లు అబద్ధం కాదు. కానీ సూర్యలంక రోడ్డు మీద కుర్రాళ్ళు మోటారు బైకు ముందు చక్రం లేపి పోతుంటారే, దానికీ దీనికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. ఇది నడక వేగంతో, బండ్లు లేని చోట ఆడేది. మేం పెట్టుకున్న నియమాలు ఇవి: రోడ్డు మీద చెయ్యకూడదు. హెల్మెట్, మోకాళ్ళకీ మోచేతులకీ గార్డులు లేకుండా ఎక్కకూడదు. ఎక్కే ముందు బ్రేకులు, హ్యాండిల్ బిగింపు చూసుకోవాలి. చవక సైకిళ్ళకి వచ్చే పెగ్స్ మనిషి బరువు ఆగుతాయో లేదో మెకానిక్‌ని అడగకుండా నిలబడకూడదు. ఒంటరిగా వెళ్ళకూడదు. వీడియోలు తీసుకోవచ్చు, ఎక్కడైనా పెట్టే ముందు నాకు చూపించాలి. ఈ చివరిది మావాడికీ వర్తిస్తుంది.

చదువు పాడవదా? పొద్దున్న ముప్పావు గంట. ఫోన్లో అంతకన్నా ఎక్కువే పోతోంది మా ఇంట్లో, నాదీ కలుపుకుని.

మచ్చ? ఇక్కడికొచ్చేసరికి నేనూ తడబడ్డాననే ఒప్పుకుంటాను. కుట్లు వేస్తుంటే నాకు ముందు గుర్తొచ్చింది పిల్ల నొప్పి కాదు, ఫంక్షన్ ఫోటోలు. తల్లిగా ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఆ ఒక్క క్షణం నేను కూడా మా పిల్లని పెళ్ళికొడుకు వాళ్ళ కళ్ళతో చూశాను. పద్నాలుగేళ్ళ పిల్లని, ఇంకా లేని పెళ్ళికొడుకు కళ్ళతో. కూరలు తరిగి, నూనె చింది, నా చేతుల మీద ఎన్ని మచ్చలున్నాయో లెక్కలేదు. వాటి గురించి ఎవరూ బాధపడలేదు, పని చేస్తూ వచ్చినవి కాబట్టి. ఆడుకుంటూ తెచ్చుకున్న మచ్చ ఒక్కటే మనల్ని భయపెడుతుంది.

పోయిన వారం రేపల్లె తమ్ముడు ఫోన్ చేశాడు. 2022లో జిల్లాలు విడదీశాక వాడి రేపల్లె, మా ఆడపడుచు బాపట్ల ఒకే జిల్లా అయ్యాయి. తెనాలిలో ఉన్న నేనొక్కదాన్నే గుంటూరు జిల్లాలో మిగిలాను. "నువ్వు వేరే జిల్లా దానివి, కట్నాలెలా పంపాలి" అని వాడు వేళాకోళం చేస్తాడు. ఫంక్షన్‌కి మేనమామ ఓణీ పెట్టాలి కదా, ఏ రంగు కావాలో కనుక్కుందామని చేశాడు.

"రంగు సంగతి నీ మేనకోడల్నే అడుగు. నాకు మాత్రం నువ్వు ఒక సైకిల్ బాకీ ఉన్నావురా" అన్నాను.

వాడికి చప్పున అర్థమైంది. కాసేపు మాట్లాడలేదు. "నేనడగలేదక్కా, వాళ్ళే ఇచ్చారు" అన్నాడు మెల్లగా.

"తెలుసు. నీ తప్పని కాదు. ఓణీతో పాటు పిల్లకి ఒక మంచి హెల్మెట్ తీసుకురా. బాకీ చెల్లు."

"ఓణీ, గాజులు, హెల్మెట్టు... మూడూ ఒకే పళ్ళెంలో పెట్టుకు రానా?" అన్నాడు. నేను ఊఁ అన్నాను. మా అత్తయ్యగారు పక్కనే చిక్కుడుకాయలు తుంచుతూ అంతా విన్నారు. ఏమంటారో అని చూశాను. చాలాసేపటి తర్వాత తల ఎత్తకుండా, "గడ్డం కిందేగా, ఫోటోల్లో పడదులే" అన్నారు. ఆవిడ వైపు నుంచి అది చాలా పెద్ద మాట.

ఇప్పుడు మా ఆడపడుచుకి సమాధానం. వదినా అని పిలిచి అడిగావు కాబట్టి చెప్తున్నానమ్మా. ఉపయోగం ఏమీ లేదు. దాంతో మార్కులు రావు, ఉద్యోగం రాదు, కూర ఉడకదు. దానికది బాగుంటుంది, అంతే. మన పిల్లలకి అన్నీ ఉపయోగం చూసే ఇచ్చాం. ఒక్కటి ఉత్తినే ఇద్దాం. సంక్రాంతికి నువ్వు తెనాలి వస్తావుగా, కళ్లం దగ్గరికి తీసుకెళ్తాను. ఒక చుడీదార్ సంచిలో పెట్టుకో.